నవనాట్య నిర్మాత ఉదయశంకరుడు

మన పూర్వులు నాట్యకళను మార్గమనియు, దేశియనియు రెండు తెఱగులుగ విభజించిరి. శాస్త్రమున చెప్పబడిన లక్షణముల ననుసరించి గురుముఖమున అభ్యసింపబడునది మార్గము. ఆయా ప్రాంతముల జనులు తమ పండుగలయందును, పంటకోతలయందును, జాతరలయందును సహజముగ ఆడుకొనునది దేశి. కాకతీయ గణపతిదేవుని గజసేనానియగు జాయపసేనాని 13వ శతాబ్దమున సంస్కృతమున రచించిన నృత్తరత్నావళి యెనిమిది అధ్యాయముల గ్రంథము. అందు మొదటి నాలుగు మార్గమునకును, తక్కిన నాలుగు దేశికిని ఆయన కేటాయించెను. శాస్త్రజ్ఞుడైన సేనాని జనుల యాటపాటలకు తన గ్రంథమున సగము చోటిచ్చెననిన, ఆ కాలమున దేశికి గల గౌరవమెట్టిదో తెలియుచున్నది.

కాలక్రమమున ఆ గౌరవము సన్నగిల్లెను. మార్గము దేవాలయములను, రాజాస్థానములను ఆశ్రయించి యుండి, వాని ప్రాభవము తగ్గగానే తానును క్షీణించెను. దేశి పల్లెలలో మిగిలి, చదువుకొన్నవారి కంటికి మోటగ తోచసాగెను. 20వ శతాబ్దారంభమున ఇంగ్లీషు చదువు అబ్బిన కుటుంబములలో నాట్యమను మాటయే చెవి సోకరానిదై యుండెను.

అట్టి కాలమున విద్యావంతుల యింట జన్మించి, చిత్రలేఖనము నేర్చుటకై విదేశమునకేగి, నర్తకుడై మరలివచ్చి, పల్లెల యాటను, దేవాలయముల నాట్యమును, నవీన రంగస్థల విధానమును ఒకచోట చేర్చిన మహనీయుడు ఉదయశంకరుడు. ఆయన చేసిన పని యెట్టిది, దానివలన నిలిచినదేమి, నిలువనిదేమి యని విచారించుట కళాభిమానులకే గాక, ఏదేనొక సంస్థను స్థాపించి నిలుపుకొనగోరు వారందఱకును ఉపయోగకరము.

బాల్యము

ఉదయశంకరుడు 1900వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన రాజస్థానమందలి ఉదయపూరు నగరమున జన్మించెను. ఆ నగరము పేరే ఆయన పేరునకు మూలము. తండ్రి శ్యామశంకర చౌధురి వంగదేశమున జెస్సోరు మండలమునకు చెందిన కుటుంబమువాడు; సంస్కృతమునందు పండితుడు, న్యాయశాస్త్రమున బారిస్టరు. ఝాలవాడ సంస్థానమున ఉన్నతోద్యోగము చేసెను. తల్లి హేమాంగినీదేవి. ఘాజీపూరు జిల్లాలోని నస్రత్పూరు గ్రామము ఆమె పుట్టినిల్లు. తండ్రి తఱచు దూరదేశములలో నుండుటచే బాలుని బాల్యము కొంత మాతామహుని యింటను, కొంత కాశియందును, కొంత ఝాలవాడయందును గడచెను.

నస్రత్పూరున మాతాదీన్ అను చర్మకారుడుండెను. అతడు నాట్యమాడుటలో నేర్పరి. అతని యాటను చూచుటకు జమీందారుగారి మనుమడు పోవుచుండెను. పెద్దింటి బాలుడు చర్మకారుల యాటకు పోవుట ఆనాటి కట్టుబాటునకు చెల్లునది కాదు. ఐనను బాలుని మనస్సున ఆ పాదముల విన్యాసము, దేహపు ఊపు, వాద్యపు లయ చెరగని ముద్ర వేసెను. తరువాతి కాలమున లోకప్రసిద్ధుడైన పిమ్మటను ఉదయశంకరుడు తన నాట్యమునకు తొలి ప్రేరణముగ మాతాదీన్‌ను స్మరించుచుండెను. శాస్త్రమెఱుగని యొక పల్లెవాడు ఆయనకు ఆదిగురువు. ఈ యొక్క సంగతిని గుర్తుంచుకొనినచో ఆయన జీవితమున తక్కినదెల్ల సులభముగ బోధపడును.

అదే గ్రామమున అంబికాచరణ ముఖోపాధ్యాయుడను డ్రాయింగు మాస్టరు బాలునకు చిత్రలేఖనమును, ఛాయాచిత్రములు తీయు విధమును నేర్పెను. ఝాలవాడయందు సంస్థానపు ఉత్సవములు, రాజపుత్రుల పెండ్లివేడుకలు, నాట్యకత్తెల మేళములు, భిల్లుల నృత్యములు కన్నులపండువగ చూచు భాగ్యము కలిగెను. కన్ను చిత్రకారునిది, మనస్సు నర్తకునిది. ఈ రెండును బాల్యమునందే కలసినవి.

చిత్రకళాభ్యాసము

1918లో ఉదయశంకరుడు బొంబాయి చేరి జె. జె. చిత్రకళాశాలయందు ప్రవేశించెను. గాంధర్వ మహావిద్యాలయమున సంగీతమును కొంత అభ్యసించెను. 1920లో తండ్రి పిలుపుపై లండను నగరమునకు పోయి, అచటి రాయల్ కాలేజి ఆఫ్ ఆర్ట్ నందు విద్యార్థియయ్యెను. ఆ కళాశాలాధ్యక్షుడు సర్ విలియం రోథెన్‌స్టీన్. రవీంద్రనాథ ఠాకూరునకు ఆప్తమిత్రుడై, ఆంగ్ల గీతాంజలిని లండను పెద్దలకు పరిచయము చేసినవాడు ఇతడే. భారతదేశపు కళపై ఆయనకు మిక్కిలి గౌరవము.

పడమటి చిత్రకారులను అనుకరించుచున్న భారతీయ యువకుని చూచి రోథెన్‌స్టీన్ ఊరకుండలేదు. తన దేశపు శిల్పములను, చిత్రములను ముందు తెలిసికొమ్మని హెచ్చరించి, బ్రిటిషు మ్యూజియమునందలి గ్రంథాలయమునకు పంపెను. అజంతా చిత్రములను, దేవాలయ శిల్పములను ఉదయశంకరుడు మొదట శ్రద్ధగ పరిశీలించినది అచటి గ్రంథములలోనే. తన యింటి నిధిని పరుల భాండాగారమున కనుగొనవలసి వచ్చుట విచిత్రమే యైనను, ఒక గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చుండిన యువకుడు తనను తాను తెలిసికొనుటకు ఆరంభించెననుట గ్రంథాలయ ప్రియులకు సంతోషకరమైన విషయము.

శిల్పమున దేవతామూర్తి నిలిచిన భంగిమను చూచినపుడు, అంతకు ముందు క్షణమున ఆ దేహమెట్లుండెను, తరువాతి క్షణమున నెట్లు కదలును అని ఊహించుట ఆయనకు అలవాటయ్యెను. రాతిలో ఆగిన నడకను తిరిగి నడిపించుటయే తరువాత ఆయన నాట్యమునకు ఒక మార్గమయ్యెను. ఆయన శాస్త్రోక్తముగ ఏ గురువునొద్దను అప్పటికి నాట్యము నేర్వలేదు. అది ఆయనకు లోపమును అయ్యెను, స్వేచ్ఛయును అయ్యెను.

అన్నా పావ్లోవా సాంగత్యము

రష్యా దేశమున పుట్టి లోకమంతట పేరొందిన నర్తకి అన్నా పావ్లోవా భారతదేశమును చూచివచ్చి, ఆ దేశపు ఇతివృత్తములతో నృత్యరూపకములు కూర్పవలెనని తలంచుచుండెను. లండనులో నున్న ఉదయశంకరుని సంగతి విని ఆమె ఆయనను రప్పించెను. రాధాకృష్ణుల నృత్యమును, హిందూ వివాహమను మఱియొక నృత్యమును ఆయన ఆమెకు కూర్చి యిచ్చెను. గురువు లేడు, గ్రంథము లేదు. బాల్యమున చూచిన వేడుకల జ్ఞాపకములే ఆధారములు. 1923 సెప్టెంబరున లండనులోని కోవెంట్ గార్డెన్ రంగశాలయందు ఆ రూపకములు ప్రదర్శింపబడెను. పావ్లోవా రాధగను, ఉదయశంకరుడు కృష్ణుడుగను నర్తించిరి. పిమ్మట ఆ బృందముతో కలసి ఆయన అమెరికాయంతయు పర్యటించెను.

పావ్లోవా బృందమున ఆయన రెండు విషయములు నేర్చెను. ఒకటి, నాట్యమునకు శ్రమయే ప్రాణము. ఎంతటి కీర్తి వచ్చినను ఆమె దినదినాభ్యాసమును మానలేదు. రెండవది, రంగస్థల నిర్వహణము. దీపముల వెలుగు, తెర, దుస్తులు, కాలనియమము, ప్రయాణపు ఏర్పాట్లు, ఇవి యన్నియు కుదిరినగాని కళ ప్రేక్షకుని చేరదు. ఐనను ఆమె ఆయనను పాశ్చాత్య బాలే నేర్వనీయలేదు. మీ దేశమునందే మహానాట్యమున్నది, దానిని వెదకికొని లోకమునకు చూపుమను భావమునే ప్రోత్సహించెను.

ఈ సందర్భమున ఒక సంగతి స్మరింపదగినది. పావ్లోవా ప్రోత్సాహమునే పొందిన మఱియొక భారతీయ మహిళ శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్. ఆమె దక్షిణదేశపు సదిరాటను గురువులనుండి అభ్యసించి, దాని శుద్ధరూపమును నిలుపుటకై 1936లో మద్రాసున కళాక్షేత్రమును స్థాపించెను. ఒకే దీపమునుండి రెండు వత్తులు వెలిగినవి. ఒకరు శుద్ధిని కోరిరి, మఱియొకరు మేళనమును కోరిరి. ఇరువురి త్రోవలు వేఱు, గమ్యము మాత్రము భారతీయ నాట్య గౌరవమే.

పారిసులో కష్టకాలము

1924లో ఉదయశంకరుడు పావ్లోవా బృందమును వీడి స్వతంత్రుడయ్యెను. స్వాతంత్ర్యముతో పాటు దారిద్ర్యమును వచ్చెను. పారిసు నగరమున రాత్రి వినోదశాలలలో చిన్న చిన్న నృత్యములు చేసి పొట్టపోసికొనవలసి వచ్చెను. తినుచు త్రాగుచు నుండు జనుల నడుమ శివుని నృత్యమును, కృష్ణుని నృత్యమును చూపవలసిన దుఃస్థితి. కాని ఈ కాలమునందే ఆయనకు సిమోన్ బార్బియే అను ఫ్రెంచి యువతి శిష్యురాలయ్యెను. సంగీతమున శిక్షణ పొందిన ఆమెకు ఆయన భారతీయ నృత్యమును నేర్పి, సిమ్కీ యని పేరిడెను. అనేక సంవత్సరములు ఆమె ఆయన బృందమున ప్రధాన నర్తకియై, భారతీయ స్త్రీలలో భారతీయ స్త్రీవలె నర్తించెను.

స్విట్జర్లాండు దేశపు శిల్పకారిణి అలీస్ బోనర్ 1926లో ఆయన నృత్యమును చూచి ముగ్ధురాలయ్యెను. కొన్నియేండ్లకు పారిసున మరల కలసికొనినపుడు, ఒంటరిగ చేయు నృత్యముతో పని లేదు, భారతీయ నర్తకులతో, భారతీయ వాద్యములతో పూర్ణమైన మేళము కావలెనని ఉభయులును నిశ్చయించుకొనిరి. ధనసహాయమునకు ఆమె పూనుకొనెను. 1930లో ఇరువురును భారతదేశమునకు వచ్చి, ఉత్తరమునుండి దక్షిణపు కొసవఱకు పర్యటించిరి. అజంతా, ఎల్లోరా గుహలను, కేరళమున కథకళిని, పెక్కు తావుల గ్రామీణ నృత్యములను చూచిరి. వివిధ ప్రాంతముల వాద్యములను, వస్త్రములను, ఆభరణములను సేకరించిరి.

కుటుంబమే మేళము

నర్తకులు కావలెనన్నచో ఆ కాలమున గౌరవ కుటుంబములవారెవరును ముందునకు రాలేదు. ఉదయశంకరుడు తన యింటివారినే ప్రార్థించెను. సోదరులు రాజేంద్రుడు, దేవేంద్రుడు, పదియేండ్ల రవి, పినతండ్రి కేదారశంకరుడు, ఆయన కుమార్తె కనకలత బయలుదేరిరి. తల్లి హేమాంగినీదేవియు పారిసునకు పోయెను. సరోదు విద్వాంసుడు తిమిరవరణ భట్టాచార్యుడు సంగీత నిర్వాహకుడయ్యెను. విష్ణుదాస శిరాలి వాద్యబృందమున నుండి, తరువాతి కాలమున సంగీత భారమును వహించెను. ఆ పదియేండ్ల బాలుడే తదనంతరము సితారు విద్వాంసుడై లోకవిఖ్యాతి గాంచిన పండిత రవిశంకరుడు.

పారిసులోని యింట అందఱును కలసి నివసించి, కలసి భుజించి, కలసి సాధన చేసిరి. నర్తకుడు వాద్యము పట్టవలెను, వాద్యకారుడు రంగమున నిలువవలెను. మన వీధిభాగవతుల మేళములందును, తోలుబొమ్మలాట కుటుంబములందును ఉండు పద్ధతియే యిది. ఒకే కుటుంబమువారు పాడుదురు, వాయింతురు, ఆడుదురు, దీపమును సరిచేయుదురు. గ్రామీణ కళాకారుల జీవనవిధానమును ఉదయశంకరుడు పారిసు నగరమునకు తీసికొనిపోయెనని చెప్పవచ్చును.

1931 మార్చి 3వ తేదీన పారిసునందలి షాంజెలీజే రంగశాలయందు ఈ మేళము తొలి ప్రదర్శన మిచ్చెను. తెర తొలగగానే రంగముపై పాశ్చాత్యులెన్నడు చూడని వాద్యముల వరుస, వాని వెనుక భారతీయ వేషములతో కూర్చున్న వాద్యకారులు. తాండవ నృత్యము, ఇంద్ర నృత్యము, గంధర్వ నృత్యమువంటి పౌరాణికములతో పాటు పాములవాని నృత్యము, పల్లెజనుల నృత్యము మొదలగు జానపదములును అందుండెను. ప్రేక్షకులు పరవశులైరి. పిమ్మట ఐరోపా దేశములన్నియు, 1932–33లో అమెరికాయును ఆ మేళమును ఆహ్వానించెను. 1935–36లో మైహర్ సంస్థాన విద్వాంసుడు ఉస్తాద్ అల్లాఉద్దీన్ ఖాను కూడ బృందముతో ఐరోపాకు పోయెను. ఆ ప్రయాణమునందే యువకుడైన రవి ఉస్తాదు శిష్యరికమునకు ఆకర్షితుడయ్యెను.

మేళన విధానము

ఉదయశంకరుని పద్ధతిని కొంత వివరముగ చెప్పుట యుక్తము. సాధారణముగ మన నాట్యమున పాట ముందు, ఆట తరువాత. కీర్తనమో పదమో ఉండును. దాని యర్థమును నర్తకి అభినయించును. ఉదయశంకరుడు పెక్కుచోట్ల ఈ క్రమమును తలక్రిందులు చేసెను. ముందు దేహపు కదలికను కూర్చును. ఆ కదలికయందలి లయను, భావమును చూచి సంగీతజ్ఞులు దానికి తగిన రాగమును, తాళమును, వాద్యమును అమర్చుదురు. ఒక్కొక్క నృత్యము నర్తకులును వాద్యకారులును కూర్చుండి మాటిమాటికి మార్చుకొనుచు కలసి నిర్మించునదియే గాని, ఒక్కరి సొమ్ము కాదు. ఐనను తుదినిర్ణయము మాత్రము ఆయనదే.

పల్లెయాటను రంగమునకెక్కించుటలో పెద్ద చిక్కు కలదు. కోలాటమైనను, చెక్కభజనయైనను, భిల్లుల నృత్యమైనను పల్లెయందు వలయాకారముగ సాగును. ఆడువారు ఒకరి మొగమొకరు చూచుకొందురు. చూచువారు చుట్టును నిలుతురు. ఇష్టమైనచో తామును చేరుదురు. ఒకే అడుగు గడియల తరబడి సాగినను ఎవరికిని విసుగు పుట్టదు, ఏలయన ఆడువారి యానందమే ప్రధానము. రంగశాలయం దట్లు కాదు. ప్రేక్షకులు ఒకవైపుననే కూర్చుందురు. వారు ఆడరు, చూతురు. వారికి విసుగు కలుగును. వలయమును విప్పి, ముందువైపునకు త్రిప్పి, గడియలపాటు సాగునదానిని కొలది నిమిషములకు కుదించి, ఆదిమధ్యాంతముల నేర్పఱచినగాని అది రంగమున రాణింపదు.

ఈ మార్పువలన కొంత లాభమును కొంత నష్టమును తప్పవు. లాభమేమనగా, పల్లెయాటను ఈసడించినవారే దాని యందమును చూచి తలవంచిరి. గడ్డికోయు స్త్రీల కదలికలలో గూడ నాట్యము కలదని నాగరికులకు తెలిసెను. నష్టమేమనగా, చూచువాడు ఆడువాడగు నవకాశము పోయెను. ఉదయశంకరుడు ఈ నష్టమును ఎఱుగనివాడు కాడు. తరువాత అల్మోరాలో ఆయన చేసిన ప్రయత్నములు దీనిని పూరించుటకే యని తోచును.

శాస్త్రజ్ఞులలో కొందఱు ఆయనను ఆక్షేపించిరి. ఆయన నృత్యమున కథకళి కొంత, మణిపురి కొంత, శిల్పభంగిమలు కొంత గలవేగాని, ఏ సంప్రదాయమును సంపూర్ణముగ లేదని వారి వాదము. అది సత్యమే. కాని ఆయన ఎన్నడును తాను ఒక సంప్రదాయమునకు ప్రతినిధినని చెప్పుకొనలేదు. పైగా ప్రసిద్ధుడైన పిదప గూడ అహంకరింపక కథకళి గురువు శంకరన్ నంబూద్రి పాదములచెంత శిష్యుడయ్యెను. కార్తికేయ నృత్యము ఆ గురువు ప్రసాదమే.

అల్మోరా కళాకేంద్రము

దేశదేశములు తిరిగి సంపాదించిన కీర్తితో ఉదయశంకరుడు తృప్తి చెందలేదు. నర్తకులను తీర్చిదిద్దు ఆశ్రమము వంటి విద్యాలయము కావలెనని ఆయన కోరిక. ఇంగ్లండులో డార్టింగ్టన్ హాలు అను విద్యాసంస్థను నడుపుచున్న ఎల్మ్‌హర్‌స్ట్ దంపతులు ధనసహాయము చేసిరి. లెనార్డ్ ఎల్మ్‌హర్‌స్ట్ పూర్వము శ్రీనికేతనమున రవీంద్రునితో గ్రామ పునర్నిర్మాణమునకు పనిచేసినవాడు. 1938లో హిమాలయ పర్వతపాదమున, కుమావూను ప్రాంతమందలి అల్మోరాలో ఉదయశంకర భారతీయ సంస్కృతీ కేంద్రము వెలసెను.

అచట చేరిన గురువులను తలంచిననే ఆ సంస్థ ఔన్నత్యము తెలియును. కథకళికి శంకరన్ నంబూద్రి, భరతనాట్యమునకు బాలసరస్వతి నట్టువనారు కందప్ప పిళ్ళె, మణిపురికి అమోబీ సింగు, సంగీతమునకు ఉస్తాద్ అల్లాఉద్దీన్ ఖాను. నాలుగు దిక్కుల విద్యలు ఒక కొండపై కలసినవి. హిందువులు, మహమ్మదీయులు, వంగీయులు, దాక్షిణాత్యులు, విదేశీయులు ఒకే పంక్తిని భుజించి ఒకే శాలలో సాధన చేసిరి. 1935లో బృందమున చేరిన జోహ్రా బేగము, తరువాత జోహ్రా సెహగల్‌గా నటనారంగమున ప్రసిద్ధి చెందినామె, అచట ఉపాధ్యాయినిగ పాఠ్యక్రమమును తీర్చిదిద్దెను.

ఉదయశంకరుడు స్వయముగ నడపు తరగతి వేఱుగ నుండెను. అందు ముద్రలు, అడవులు నేర్పడు. మొట్టమొదట నడక. మనుష్యుడు ఎట్లు నడచును, అలసినవా డెట్లు నడచును, బరువు మోయునది యెట్లు నడచును అని గమనింపజేయును. పిమ్మట ఒక సన్నివేశమునిచ్చి, ముందుగ అనుకొనకయే విద్యార్థులచే కలసి ఆడించును. ఒకరి కదలికను ఇంకొకరు గ్రహించి ప్రతికదలిక కల్పింపవలెను. గురువు చెప్పినది చేయుట గాక, తోటివారితో కలసి సృష్టించుట అచటి చదువు.

1939లో వెలువడిన శ్రమయు యంత్రములును అను రూపకము ఆయన కృతులలో ముఖ్యమైనది. పల్లెలో పొలము దున్నుకొని, ఆటపాటలతో బ్రతుకు జనులు నగరపు కర్మాగారమునకు ఆకర్షింపబడుదురు. అచట వారి దేహములే యంత్రభాగములగును. చేతులు మీటలై, మెడలు చక్రములై, లయ మాత్రము మిగిలి, ఆనందము పోవును. తుదకు వారు తిరుగబడుదురు. పల్లెజనుల నృత్యమును మొదట చూపి, అదే జనులను యంత్రమువలె ఆడించుటచే, మాట యొక్కటియు లేకయే కాలపు సమస్య ప్రేక్షకుని హృదయమును తాకును. దేశి నృత్యమును వింతవస్తువుగ గాక, వర్తమానమును చెప్పు భాషగ వాడిన తొలి భారతీయ రూపకములలో నిది యొకటి.

1940–41 ప్రాంతమున అల్మోరాలో ఛాయారూపమున ప్రదర్శించిన రామలీల మఱియొక అద్భుతము. కుమావూను పల్లెలలో రామలీలను పాటలతో ఆడుట పూర్వమునుండి వచ్చు ఆచారము. ఉదయశంకరుడు ఆ కథనే గ్రహించి, కొండవాలున మిక్కిలి పెద్ద తెరను కట్టించి, వెనుక దీపము లుంచి, నర్తకుల నీడలు తెరపై పడునట్లు చేసెను. దీపమునకు దగ్గఱగ వచ్చినవాని నీడ కొండంతయగును; దూరముగ పోయినవాని నీడ మనుష్యప్రమాణమునకు తగ్గును. రావణుడు పెరుగుటకును హనుమంతుడు సూక్ష్మరూపము ధరించుటకును వేఱొక తంత్రముతో పనిలేదు. మన తోలుబొమ్మలాటలో తోలుబొమ్మ చేయు పనిని అచట మానవదేహమే చేసెను. చుట్టుపట్ల కొండపల్లెలనుండి వేలకొలది జనులు నడచివచ్చి చూచిరి. పారిసు ప్రేక్షకుల కరతాళములకంటె ఆ పల్లెజనుల రాకయే ఆయన కళకు నిజమైన పరీక్షయయ్యెను.

1942లో ఉదయశంకరుడు తన బృందమందలి నర్తకి అమలానందిని వివాహమాడెను. 1931లో పారిసు వలసరాజ్యాల ప్రదర్శనమునకు తండ్రితో వచ్చిన బాలికగ ఆమె ఆయనను మొదట చూచెను. అప్పటినుండి కళయందును, తరువాత జీవితమునందును ఆమె ఆయనకు తోడయ్యెను.

కేంద్రము మూతపడుట

ఇంతటి సంస్థ పట్టుమని ఆఱేడేండ్లైనను నిలువలేదు. 1943–44 నాటికి మూతపడెను. రెండవ ప్రపంచయుద్ధమువలన విదేశసహాయము సన్నగిల్లెను. ప్రదర్శనలకై పర్యటించు వీలు తగ్గెను. ధరలు పెరిగెను. వృద్ధ గురువులు ఒకరి వెంట ఒకరు కాలగతి నొందిరి. ఆశ్రమవాసులలో అభిప్రాయభేదములును పొడసూపెను. వీనియన్నింటికంటె ముఖ్యమైన కారణ మొకటి కలదు. ఆ సంస్థ ఒక మహాపురుషుని చుట్టు అల్లబడినదేగాని, తనకు తాను నిలువదగిన మూలధనమును, దానిని తమదిగ భావించి భారము వహించు స్థానిక జనమును సంపాదించుకొనలేదు. అటు శుద్ధసంప్రదాయమునకై రుక్మిణీదేవి స్థాపించిన కళాక్షేత్రము ఆమె యనంతరమును నడచుచున్నది. కళలో గొప్పతనము వేఱు, సంస్థను నిలుపు నేర్పు వేఱు. రెండవది కొఱవడినచో మొదటిది యెంతయున్నను దీపము కొండెక్కును.

కల్పన

కూలిన కలను ఉదయశంకరుడు తెరపై నిలుప సంకల్పించెను. మద్రాసులో శ్రీ ఎస్. ఎస్. వాసన్ గారి జెమినీ స్టూడియోయందు కల్పన యను హిందీ చిత్రమును నిర్మించెను. అది 1948లో విడుదలయ్యెను. కథ, నిర్వహణము, నృత్యరచన, ప్రధానపాత్ర అన్నియు ఆయనవే. అమలాదేవి నాయిక. విష్ణుదాస శిరాలి సంగీతము. కుమావూను కవి సుమిత్రానందన పంతు గీతములు. అమృతలాల్ నాగర్ సంభాషణలు. ఒక నర్తకుడు హిమాలయములలో కళాకేంద్రమును స్థాపింప కలగనుట అందలి యితివృత్తము. అది యెవరి కథయో వేఱుగ చెప్పనక్కఱలేదు. తరువాత తెలుగు ప్రేక్షకులకును సుపరిచితలైన లలిత, పద్మిని సోదరీమణులు తొలుత తెరపై కనబడినది ఈ చిత్రమునందే.

చిత్రమును విజ్ఞులు ప్రశంసించిరి. సామాన్య ప్రేక్షకులు అంతగ ఆదరింపలేదు. ధనము తిరిగి రాలేదు. ఐనను అదే సంవత్సరము అదే స్టూడియోనుండి వెలువడిన చంద్రలేఖ చిత్రమున పేరొందిన భేరీనృత్యమునందు కల్పన ప్రభావము కలదని పరిశీలకులు చెప్పుదురు. శిథిలమగుచున్న కల్పన చిత్రప్రతిని ఆధునిక విధానమున పునరుద్ధరించి 2012లో ఫ్రాన్సు దేశపు కాన్ చలనచిత్రోత్సవమున ప్రదర్శించిరి. ఉదయశంకరుని యౌవనపు నాట్యమును తరువాతి తరములవారు కన్నులార చూడగలుగుట ఆ నష్టపు బేరమువలననే గదా!

చరమజీవితము

తరువాతి కాలమునను ఆయన సృష్టి ఆగలేదు. 1956లో బుద్ధభగవానుని 2500వ పరినిర్వాణ జయంతి సందర్భమున బుద్ధచరిత్రను ఛాయారూపకముగ కూర్చెను. 1961లో రవీంద్ర శతజయంతికి ఆ మహాకవి గీతమగు సామాన్య క్షతిని నృత్యరూపకముగ నిర్మించెను. రాణిగారి క్షణవినోదమునకై పేదల గుడిసెలు దగ్ధమైన కథ అది. 1970 ప్రాంతమున, డెబ్బదియేండ్ల వయస్సున, రంగస్థలమును చలనచిత్రమును జోడించి శంకరస్కోపు అను నూతన ప్రయోగము చేసెను. తెరపై పరుగెత్తు మనుష్యుడు తెరను చీల్చుకొని రంగముపై దుముకును.

గౌరవములు ఆలస్యముగనైనను వచ్చెను. సంగీత నాటక అకాడమీ 1960లో పురస్కారమును, 1962లో విశిష్ట సభ్యత్వమును ఇచ్చెను. భారతప్రభుత్వము 1971లో పద్మవిభూషణ బిరుదమిచ్చెను. 1975లో విశ్వభారతి దేశికోత్తమ బిరుదముతో సత్కరించెను. 1977 సెప్టెంబరు 26వ తేదీన కలకత్తా నగరమున ఆ మహానర్తకుడు పరమపదించెను. అమలాదేవి నూఱేండ్లు నిండ జీవించి 2020లో కీర్తిశేషురాలయ్యెను.

శిష్యకోటి

అల్మోరా మూతపడెనుగాని అచట చల్లిన విత్తనములు వ్యర్థము కాలేదు. ఆయన బృందమువాడగు శాంతివర్ధనుడు 1943లో ఏర్పడిన భారత ప్రజానాట్య సంఘమున చేరి, జానపద నృత్యములతో దేశచరిత్రను చెప్పు రూపకములు కూర్చెను. తరువాత లిటిల్ బాలే ట్రూపును స్థాపించి, నర్తకులు బొమ్మలవలె కదలు రామాయణమును నిర్మించి, 1954లో అకాలమరణము నొందెను. నరేంద్రశర్మ ఢిల్లీలో 1957నాటి భారతీయ కళాకేంద్ర రామలీలను కూర్చెను. శచిన్ శంకరుడు బొంబాయిలో నృత్యబృందమును నడపెను. అల్మోరాలో నాట్యము నేర్చిన గురుదత్తు చలనచిత్ర దర్శకులలో అగ్రగణ్యుడయ్యెను.

అదే కాలమున ఆంధ్రదేశమున డాక్టరు గరికపాటి రాజారావు ప్రభృతుల పూనికతో ప్రజానాట్యమండలి బుఱ్ఱకథ మొదలగు దేశిరూపములను గ్రహించి, వర్తమాన విషయములను ఊరూర వినిపించెను. షేక్ నాజరు బుఱ్ఱకథకు తెచ్చిన వైభవము తెలుగువారెఱుగనిది కాదు. శాంతివర్ధనుని బృందమును, ఆంధ్రుల మండలియు ఒకే ఉద్యమపు శాఖలు. అల్మోరా కొండపైని గాలి ఎంత దూరము వీచెనో దీనివలన ఊహింపవచ్చును.

ఉపసంహారము

ఉదయశంకరుడు క్రొత్త శాస్త్రమును వ్రాయలేదు. తన పేర ఒక బాణీని స్థిరముగ నిలుపలేదు. ఆయన నాట్యము ఆయన దేహముతోనే చాలవఱకు అంతరించెను. కాని నాట్యమన్న తలవంపుగ భావించు కుటుంబములు తమ బిడ్డలకు నాట్యము నేర్పించు దినములు వచ్చుటకు ఆయన ఒక ముఖ్య కారకుడు. పల్లెయాట వేఱు, శాస్త్రము వేఱు, వర్తమానము వేఱు అను గోడలను ఆయన కూల్చెను. జాయపసేనాని గ్రంథమున ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టిన మార్గదేశులను ఆయన రంగస్థలమున చేయి చేయి కలిపి ఆడించెను.

పల్లెలలో ఇప్పటికిని కోలాటపు కఱ్ఱలు, చెక్కభజన చెక్కలు, తప్పెటలు కలవు. వానిని పట్టు చేతులే తగ్గుచున్నవి. లండను గ్రంథాలయమున భారతశిల్పమును కనుగొనిన ఉదయశంకరుడు, నస్రత్పూరు చర్మకారుని మాత్రము మఱువలేదు. గ్రంథమును, గ్రామమును రెండింటిని గురువులుగ ఎంచుకొనుటయే ఆయన జీవితము నేర్పు పాఠము. గ్రంథాలయముగల గ్రామమునకు ఈ రెండును అందుబాటులోనే కలవు. సంస్థలు ఒకరి ఔదార్యమున పుట్టినను, అందఱి పూనికవలననే బ్రతుకును. అల్మోరాకు లభింపని యా భాగ్యము, ఊరివారందఱు తమదిగ తలంచి ఇరువదియైదేండ్లు మోసికొనివచ్చిన సంస్థలకు మున్ముందును లభించుగాక!